స్ట్రోక్ వచ్చినవాళ్లకి జింకో, కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇవ్వచ్చా?

మీ నాన్నగారికి స్ట్రోక్ వచ్చిందని, మెదడు ఇంకా దెబ్బతినకుండా జింకో (జింకో చెట్టు ఆకుల సారం), కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) మొదలుపెట్టొచ్చా అని అడిగారు. ఆయన ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారో మాత్రం రాయలేదు. ముందు తేలాల్సింది అదే.

మా అమ్మకి రక్తం గడ్డకట్టి స్ట్రోక్ వచ్చింది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర పెట్టారు. చుట్టాలొకరు ప్రేమకొద్దీ జింకో సీసా పంపారు. ఐఎన్ఆర్ టెస్టుకి (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే పరీక్ష) వెళ్లినప్పుడు డాక్టరుకి చూపిస్తే వద్దన్నారు. వార్ఫరిన్‌కి అది తోడైతే బ్లీడింగ్ అయ్యే ప్రమాదం పెరగొచ్చట. పోనీ, అంత రిస్కు తీసుకున్నా లాభం ఉందా అంటే అదీ కనపడదు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిలో కొందరికి 120 మిల్లీగ్రాముల జింకో రోజుకి రెండుసార్లు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, సగటున ఆరేళ్లు గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. జింకో వేసుకున్నవాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రావడం ఏమీ తగ్గలేదు.

కర్క్యుమిన్ కథ వేరు. ల్యాబులో కణాల మీద నేరుగా పోస్తే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తగ్గుతుంది, ఎలుకల్లోనూ బాగానే పనిచేసింది. మనిషి మింగితే పేగుల్లో సరిగా ఇంకదు, ఇంకిన కాస్తనీ లివర్ త్వరగా మార్చేస్తుంది. మెదడు గడప దాకా చేరేది చాలా తక్కువ. అందుకే చాలా బ్రాండ్లు మిరియాల్లోని పైపరిన్ కలుపుతాయి. 1998 నాటి ఒక చిన్న అధ్యయనంలో దానివల్ల రక్తంలోకి చేరే కర్క్యుమిన్ దాదాపు 20 రెట్లు పెరిగింది. సీసా మీద గొప్పగా వేసుకునే అంకె ఇదే. కానీ పైపరిన్‌కి కర్క్యుమిన్ ఒక్కటే చుట్టం కాదు, కొన్ని ఇతర మందుల మోతాదునీ రక్తంలో పెంచుతుంది. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ అందులో ఒకటి. స్ట్రోక్ తర్వాత కొందరికి ఫిట్స్ మందులు పడతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మొక్కల్లోంచి పనికొచ్చేవి రాలేదని కాదు. స్నోడ్రాప్ పూల జాతి నుంచి వచ్చిన గాలంటమిన్‌ని 2001లో అమెరికా అల్జీమర్స్‌కి అనుమతించింది. అదీ జ్ఞాపకశక్తి లక్షణాలని కొంతకాలం నెట్టుకొస్తుందే గానీ జబ్బుని ఆపదు, స్ట్రోక్‌కి ఇచ్చేది కూడా కాదు.

మళ్లీ స్ట్రోక్ రాకుండా ఉండాలంటే బీపీ, షుగర్, డాక్టరు రాసి ఉంటే రక్తం పల్చబడే మాత్ర, ఈ మూడింటి మీదే దృష్టి పెట్టండి. క్యాప్సూల్స్ ఇప్పటికే కొనేసి ఉంటే లేబుల్ ఫోటో తీసి న్యూరాలజిస్టుకి చూపించండి. ఈలోపు ఆయన వేసుకుని ఉండి, చిగుళ్లలో రక్తం రావడం, మలం నల్లగా రావడం, విపరీతమైన తలనొప్పి లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.