దిద్దుబాటు మీద పత్రం రాయబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన నువ్వు ఎం.ఏ. తెలుగులో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు, ఆమె గొంతులోని బెంగ నాకూ పట్టుకుంది. "రేపు ఉద్యోగం మాటేమిటక్కా?" అని ఆమె అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. మన ఇంట్లో నా తరవాత తెలుగు చదవడానికి మరొకరు బయలుదేరారన్న సంతోషం నెమ్మదిగా ఆ బెంగను మించిపోయింది. కానీ నిన్న నువ్వు పంపిన సందేశం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. మొదటి సెమినార్ పత్రం గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు కథ మీద రాస్తున్నానని చెప్పి, "ఈ కథలో శిల్పం చాలా బాగుంది పెద్దమ్మా" అన్నావు. ఆ ఒక్క వాక్యం గురించే రాత్రంతా ఆలోచించాను.

వంట బాగుందని భోజనానికి వచ్చినవాళ్ళు అంటే సరిపోతుంది. వంట నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల అంతమాత్రం చెప్పి ఊరుకోకూడదు. పోపు ఎప్పుడు పడింది, ఉప్పు ఎంత పడింది అన్నది ఆమె గమనించాలి. వస్తువు అంటే రచయిత ఏ సంగతి చెప్పదలచుకున్నాడో అది. ఇతివృత్తం అంటే ఆ సంగతి చెప్పడానికి ఆయన కూర్చుకున్న సంఘటనల వరస. శిల్పం అంటే చెప్పిన తీరు: ఎక్కడ మొదలుపెట్టాడు, ఏది ముందు చెప్పాడు, ఏది చివరిదాకా దాచాడు, మనల్ని ఎవరి వెంట నడిపించాడు. వీటిలో ఏదో ఒకటి పట్టుకుని చూపించనంతవరకు శిల్పం అన్న మాట నీ పత్రంలో రానివ్వకు. అద్భుతం, హృద్యం, గుండెను పిండేస్తుంది వంటి మాటలను కూడా కొట్టేయి.

కథను రెండుసార్లు చదువు, మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా. ఉదాహరించే వాక్యాన్ని జ్ఞాపకం మీద రాయకు. పుస్తకం తెరిచి అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, పుట సంఖ్య అక్కడే వేసుకో. ఏ ముద్రణ వాడావో చెప్పు. ఇవన్నీ మీ అధ్యాపకులు చెప్పేవే.

వాళ్ళు చెప్పనిది, నేను మాత్రమే చెప్పగలిగినది ఒకటుంది. 1975లో నా మొదటి సెమినార్ పత్రం కూడా ఈ కథ మీదే. అప్పట్లో పరీక్షల కోసం గైడు పుస్తకాలు దొరికేవి. అందులో ఈ కథ సారాంశం ఒకటిన్నర పుట ఉండేది. భర్త గోపాలరావు వేశ్యల పాటకచేరీల మోజులో పడ్డాడని, చదువుకున్న భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి అతనికి బుద్ధి చెప్పిందని ఆ సారాంశంలో చదివి, కథ చదివేశాననుకున్నాను. దృష్టికోణం, అంటే కథను మనం ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది, ఆ మాటను ఆ నెలలోనే కొత్తగా విన్నాను. కొత్త చీర కట్టుకుని పేరంటానికి వెళ్ళినంత సంబరంగా దాన్ని నా పత్రంలోకి తెచ్చాను. "ఈ కథ ఆద్యంతం కమలిని దృష్టికోణం నుంచి సాగింది; విద్యావతి అయిన స్త్రీ మనోభావాలను రచయిత ఆమె కళ్ళతోనే మనకు చూపాడు" అని రాసి, తరగతి అంతటి ముందు గట్టిగా చదివాను.

మా మాస్టారు మధ్యలో ఆపలేదు. చదవడం అయ్యాక, కోపం లేని గొంతుతో అడిగారు. "అమ్మా, అర్ధరాత్రి గోపాలరావు తలుపు బయట నిలబడి పిలుస్తున్నప్పుడు కమలిని ఎక్కడుంది?" ఇంట్లో అన్నాను. "ఇంట్లో ఎక్కడ? ఏం చేస్తోంది?" నాకు తెలియదు. "పోనీ, కథలో ఎవరికైనా తెలుసా?" నేను తల వంచుకుని నిలబడ్డాను. "ఆమె కళ్ళతో చూశామన్నావు కదా, ఆమె ఎక్కడుందో కూడా మనకు తెలియకుండా ఎలా చూశామమ్మా?" అని అడిగి, ఆయన నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూశారు. ఆ ఎదురుచూపే నాకు తిట్టుకన్నా బరువుగా తోచింది.

ఆ రాత్రి హాస్టల్లో మొదటిసారిగా అసలు కథ చదివాను. మొదటి పంక్తి నుంచీ మనం గోపాలరావుతో పాటు తలుపు బయటే ఉన్నాం. తలుపు తెరుచుకోదు, గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది, ఆలస్యం చేశానని అతను తనను తాను తిట్టుకుంటాడు. భార్య కనిపించకపోతే అతనెంత కంగారుపడతాడో మనమూ అంతే పడతాం, ఎందుకంటే అతనికి తెలిసినంతే మనకూ తెలుసు. ఆమె రాసిపెట్టిన ఉత్తరం కూడా అతని చేతిలో పడ్డాకే మన కంటబడుతుంది. చివరికి మంచం కింద నుంచి ఆమె నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. అక్కడ కూడా రచయిత ఆమెను మనకు చూపించడు, వినిపిస్తాడంతే. కథ కమలిని గురించినదే కావచ్చు, కానీ మనం నడిచింది గోపాలరావు వెంట. ఎవరి గురించిన కథ, ఎవరి వెంట నడిచే కథ అన్న రెండు ప్రశ్నలనూ నేను ఒకటిగా కలిపేశాను. కమలిని వెంట నడిచి ఉంటే, ఆమె మంచం కింద దాక్కున్న సంగతి మనకు ముందే తెలిసి, అతని పశ్చాత్తాపం మనకు వినోదంగా మిగిలేది. తెలియకపోవడం వల్లనే అది మనకూ తగులుతుంది. శిల్పం అంటే ఇదీ అని నాకు ఆ రాత్రి అర్థమైంది. తరగతిలో మళ్ళీ నోరు తెరవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఇంత దూరం ఎందుకు చెప్పానంటే, పాఠం చెప్పిన 31 ఏళ్ళలోనూ జవాబుపత్రాల్లో అదే గైడు వాక్యాన్ని, అవే తప్పులతో, మళ్ళీ మళ్ళీ చదివాను. ఇప్పుడు ఆ గైడు నీ ఫోన్‌లోనే ఉంది. సారాంశాలు అడగకుండానే కళ్ళముందుకు వస్తున్నాయి. పట్టుమని పది పుటలు లేని కథను చదవకుండా దాని మీద పత్రం రాస్తే నేను ఊరుకోను బుజ్జీ. కోప్పడుతున్నానని అనుకోకు. ఆరేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని, కథలో ఒక్క మాట మారినా "కాదు, నిన్న అలా చెప్పలేదు" అని పట్టుకునేదానివి. ఆ చెవి నీకు ఇప్పటికీ ఉందని నాకు నమ్మకం.

ఆ చెవితోనే కమలిని ఉత్తరం చదువు. అది "అయ్యా" అన్న పిలుపుతో మొదలవుతుంది, ఆ పిలుపుకే గోపాలరావు ఉలిక్కిపడతాడు. వ్యంజన, అంటే పైకి అనకుండానే అర్థాన్ని స్ఫురింపజేసే మాట శక్తి, దాని గురించి మీకు చెప్పేటప్పుడు "గంగాయాం ఘోషః" అన్న ఉదాహరణ తప్పకుండా ఇస్తారు. గంగలో పల్లె అన్నది వాచ్యార్థం. నీళ్ళలో పల్లె ఉండదు కనుక గట్టున పల్లె అని లక్షణార్థం. ఆ చోటి చల్లదనం, పావనత్వం వ్యంగ్యార్థం. దాన్ని అప్పజెప్పి ఊరుకుంటే లాభం లేదు. మీ అమ్మమ్మ వసారాలోంచి "పొద్దుగూకిందే" అంటే నేను దీపం వెలిగించేదాన్ని, మీ అమ్మ ఆట ఆపి కాళ్ళు కడుక్కునేది. వెలిగించమని కానీ కడుక్కోమని కానీ ఆవిడ అనలేదు. కమలిని "అయ్యా" అన్న మాటలో ఉన్నది కూడా అదే. పైకి అది గౌరవం, లోపల ఎడబాటు, ఆ ఎడబాటులో అభిమానం. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే అలంకారికుడు ధ్వని గురించి, అంటే కావ్యంలో ఇలా స్ఫురించే అర్థం గురించి, చెప్పినది ఈ రెండక్షరాల దగ్గర నువ్వు చూపించగలిగితే, నీ పత్రంలో ఆయన పేరుకు చోటుంది. లేకపోతే లేదు. రసం సంగతీ అంతే. కన్నీళ్ళు కనిపించినచోటల్లా కరుణరసం అని చీటీ అంటించకు. విభావం (భావానికి కారణం) ఏది, అనుభావం (అది బయటపడే చేష్ట) ఏది, ఏ వ్యభిచారి భావాలు (మధ్యలో మెదిలే చిన్న భావాలు) వచ్చిపోయాయి అని నాట్యశాస్త్రంలోని భరతుని రససూత్రం అడుగుతుంది.

నౌకరు రాముడితో మాట్లాడుతూ గోపాలరావు చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తే మాటలు ఉన్నాయి. వాటిని గురజాడ అభిప్రాయంగా ఎత్తి రాయకు. ఆయనకూ ఆ నమ్మకం ఉండవచ్చు, కానీ ఆ మాటలు అన్నది రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావు. అతని మాటకూ నడతకూ ఉన్న దూరంలోనే కథ ఉంది.

మరొక్కటి. ఈ కథ 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. "తెలుగులో తొలి కథ" అని మేమంతా కళ్ళు మూసుకుని రాశాం. నువ్వు రాయకు. భండారు అచ్చమాంబగారి కథ ధనత్రయోదశి 1902 నాటిది. చదువుకున్న స్త్రీ గురించిన కథ మీద పత్రం రాస్తూ, కథలు రాసిన ఒక స్త్రీని మరిచిపోవడం నీ చేతుల మీదుగా జరగకూడదని నా కోరిక.

మొదటి పేరా రాసి ఆదివారంలోగా పంపు. తప్పులుంటాయని భయపడి ఆపుకోకు, నేను పెన్సిలుతోనే దిద్దుతాను. హాస్టల్లో వేళకు తిను. ఉద్యోగం సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ