చైనా కోర్టులు, చైనా తగువులు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చైనాలో చట్టం జనం మధ్య ఎలా నడుస్తోందో చదివే శాస్త్రం ఈమధ్యనే పుట్టిందా?
– లా విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: పుట్టడం పాతదే, మధ్యలో తెగిపోయింది. కుటుంబంలో పెద్దరికం, సమాజంలో హోదా శిక్షల్ని ఎలా మార్చేవో చైనా పండితుడు చూ తుంగ్‌ట్సు 1947లోనే పుస్తకంగా వేశారు. కొత్త కోర్టులు వచ్చాక ఊరి పెద్దల మాట చెల్లక, చట్టం తెలిసిన తుంటరికే లాభం దక్కుతోందని ఆ రోజుల్లోనే సమాజశాస్త్రవేత్త ఫే షియావోటుంగ్ రాశారు. మన పల్లెల్లో పెద్దమనుషుల తగువులు చూసినవారికి ఆ మాట కొత్తగా అనిపించదు.

1952లో విశ్వవిద్యాలయాల నుంచి సమాజశాస్త్రాన్ని ఎత్తేశారు. 1959లో న్యాయ మంత్రిత్వశాఖ రద్దయింది. 1979లో గానీ రెండూ తిరిగి రాలేదు. ఆ నడుమ జెరోమ్ కోహెన్ వంటి అమెరికన్ న్యాయ పండితులు చైనాలో చట్టం ఎలా నడుస్తోందో హాంకాంగ్‌కు వచ్చిన శరణార్థులను అడిగి తెలుసుకున్నారు. దేశం విడిచి వచ్చినవాళ్ల సాక్ష్యమే ఆధారం కాబట్టి దాన్ని ఆ మేరకే నమ్మాలి.

తర్వాత పాత జిల్లా కచేరీల దస్త్రాలు తెరుచుకున్నాయి. చరిత్రకారుడు ఫిలిప్ హువాంగ్ మూడుచోట్ల నుంచి తీసిన, చైనా చివరి రాజవంశమైన చింగ్ కాలపు 628 సివిల్ వ్యాజ్యాలతో 1996లో పుస్తకం తెచ్చారు. సివిల్ తగాదాలు కచేరీకి పట్టవన్న పాత నమ్మకం దాంతో కదిలింది. అదే ఏడు న్యాయ పండితుడు జూ సూలీ, చట్టాన్ని బయటినుంచి అరువు తెచ్చుకుంటే చాలదని వాదించారు. 2000లో వచ్చిన ఆయన పుస్తకానికి ఆధారం హుబే రాష్ట్రపు గ్రామీణ కోర్టుల్లో చేసిన పరిశీలన. మా లెక్కన అసలు మలుపు అక్కడుంది: అంతవరకూ చట్టం పుస్తకాల్లో వెతికినవాళ్లు జడ్జి బల్ల పక్కకు వెళ్లి కూర్చున్నారు.

ప్రశ్న: చైనా తీర్పులు కోట్లలో ఆన్‌లైన్‌లో ఉన్నాయట. విడాకుల తీర్పులు లెక్కపెట్టి ప్రాజెక్టు చేయవచ్చా?
– ఎంఏ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: చేయవచ్చు, కానీ తొందరపడితే లెక్క తప్పుతుంది. చైనా అత్యున్నత కోర్టయిన సుప్రీం పీపుల్స్ కోర్టు తీర్పుల సైటు 2013లో మొదలైంది. 2014 జనవరి 1 నుంచి తీర్పులు పెట్టడం నియమమైంది. అయితే మధ్యవర్తిత్వంతో ముగిసినవి మొదటినుంచీ మినహాయింపే; 2016 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన సవరణ విడాకుల కేసులనూ పక్కన పెట్టింది. ఆ తర్వాత విడాకుల తీర్పులు తగ్గినట్టు కనబడితే కాపురాలు బాగుపడ్డాయని రాసేయకండి. 2021 తర్వాత మొత్తంగానే కొత్తవి బాగా తగ్గాయి.

ఏమేం లేవో కనిపెట్టే దారి ఉంది. కేసు నంబరులో ఏడాది, కోర్టు సంకేతం, కేసు రకం, వరుస సంఖ్య ఉంటాయి. ఒక కింది కోర్టు, ఒక ఏడాది, మొదటిదశ సివిల్ కేసులు తీసుకోండి. సైటులో దొరికిన పెద్ద వరుస సంఖ్యను, దొరికిన తీర్పుల సంఖ్యతో పోల్చండి. ఆ ఖాళీయే మీ లోటు, కనీస అంచనాగా. 2016 జనవరి నుంచి నంబర్ల పద్ధతి దేశమంతా ఒకటే కాబట్టి ముందు ఏళ్లతో కలపకండి.

మరో చిక్కు: తొలి విడాకుల దావాను కొట్టేయడం అక్కడ మామూలే. కొత్త కారణం లేకుంటే వాది ఆరు నెలలు ఆగి మళ్లీ వేయాలి. అంటే ఒకే జంట రెండు తీర్పుల్లో కనిపించవచ్చు. తీర్పుల్ని జంటలుగా లెక్కిస్తే 'తిరస్కరణ' శాతం ఉబ్బిపోతుంది.

ప్రశ్న: చైనా గ్రామాల్లోని రాజీ పద్ధతిని మన లోక్ అదాలత్‌తో పోల్చవచ్చా?
– ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: జాగ్రత్తగా. లోక్ అదాలత్ అవార్డు (అక్కడి తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. చైనా గ్రామ మధ్యవర్తిత్వ కమిటీ దగ్గర కుదిరిన ఒప్పందం ఇరుపక్షాలూ పాటించాల్సిందే గానీ, కోర్టు ద్వారా నేరుగా అమలు కావాలంటే ఇద్దరూ కలిసి 30 రోజుల్లో కోర్టు ధ్రువీకరణ కోరాలి. ఇది 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం. కాబట్టి మీరు పోల్చాల్సింది ఎన్ని రాజీలు కుదిరాయని కాదు; కుదిరాక ఎన్ని అమలయ్యాయని.