ఫ్రీబీఎస్‌డీ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి కోడ్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సీ లాంగ్వేజ్ కాస్త వచ్చని, ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ చేసుకున్నానని, కెర్నెల్‌లో (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ అసలు గుండెకాయ) పనిచేయాలంటే ముందు ఏ పుస్తకం ఎన్ని నెలలు చదవాలని మీరు అడిగారు. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మీ మెషీన్‌లో ఇప్పటికే ఏదో ఒకటి సరిగ్గా పనిచేయకుండా ఉండే ఉంటుంది. సస్పెండ్ చేస్తే మళ్లీ లేవని ల్యాప్‌టాప్, మధ్యలో ఆగిపోయే సౌండ్, షట్‌డౌన్ దగ్గర వేలాడే యూఎస్‌బీ డ్రైవ్, ఏదైనా సరే. దాన్ని పట్టుకోండి, అంతు తేలేదాకా వదలకండి. నేను చూసినంతలో ఈ పనిలో నిలబడ్డవాళ్లంతా ఇలాంటి ఒక తలనొప్పి వెంటపడి వచ్చినవాళ్లే.

ఫ్రీబీఎస్‌డీ పుట్టిందే అలా. 1992లో పీసీల కోసం 386బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ బయటికొచ్చాక, అందులోని లోపాలకు ప్యాచ్‌లు (చిన్న చిన్న దిద్దుబాట్లు) రాసి, వాటిని ప్యాచ్‌కిట్ పేరుతో ఒకచోట చేర్చేవారు. ఆ కిట్‌ని చివరిగా చూసుకున్న నేట్ విలియమ్స్, రాడ్ గ్రైమ్స్, జోర్డాన్ హబ్బర్డ్ 1993లో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టారు. రిపేర్లు చేస్తూ చేస్తూ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్లారు. మీకూ నాకూ అదే దారి చాలు.

నా సంగతి చెబుతాను. నేను కరెంట్ బ్రాంచ్ వాడతాను, అంటే డెవలపర్ల మార్పులు ముందుగా వచ్చి చేరే చోటు. ఒకసారి సోర్స్ అప్‌డేట్ చేసి కొత్త కెర్నెల్ వేశాక నెట్‌వర్క్ తేడా చేయడం మొదలైంది. మామూలు పనులకు బాగానే ఉండేది. పెద్ద ఫైల్ కాపీ పెట్టగానే మాత్రం కాసేపటికి కనెక్షన్ చచ్చిపోయేది. కన్సోల్ మీద నెట్‌వర్క్ కార్డు పేరు, దాని పక్కన వాచ్‌డాగ్ టైమ్‌అవుట్ అని ఒక లైను. ఇంటర్‌ఫేస్‌ని డౌన్ చేసి మళ్లీ అప్ చేస్తే ప్రాణం వచ్చేది, ఇంకో కాపీ పెడితే మళ్లీ అదే కథ.

తెలిసినవాళ్లని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే సలహా: ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేసినట్టు ఉంటుంది. లాగ్‌లు పోతాయి, పాత కెర్నెల్ పోతుంది, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వచ్చామో కూడా పోతుంది. సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ముందు ఆ ఒక్క లైను ఏం చెబుతోందో చూశాను. కార్డుని నడిపే కెర్నెల్ కోడ్, అంటే డ్రైవర్, కార్డుకి ప్యాకెట్లు అప్పగిస్తుంది. పంపడం అయిపోయాక కార్డు ఇంటరప్ట్ ద్వారా, అంటే ప్రాసెసర్‌ని తట్టిలేపే సంకేతంతో, కబురు చెప్పాలి. గడువులోగా ఆ కబురు రాకపోతే డ్రైవర్ వేసే కేకే వాచ్‌డాగ్ టైమ్‌అవుట్. మరి ఇంటరప్టులు వస్తున్నాయా లేదా? వీఎంస్టాట్ కమాండ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే ఏ పరికరం నుంచి ఎన్ని ఇంటరప్టులు వచ్చాయో చూపిస్తుంది. కాపీ నడుస్తున్నప్పుడు కార్డు పక్కన అంకె జోరుగా పెరుగుతోంది. కనెక్షన్ చచ్చాక చూశాను, కాస్త ఆగి మళ్లీ చూశాను, అంకె కదల్లేదు. టైమర్‌ది పెరుగుతోంది, డిస్క్‌ది పెరుగుతోంది, కార్డుది మాత్రం బిగుసుకుపోయింది. ఆ అంకెని చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. నెట్ పనిచేయట్లేదు అనే గాలి మాట పోయి, ఈ కార్డు నుంచి ఇంటరప్టులు ఆగిపోతున్నాయి అనే గట్టి మాట చేతికొచ్చింది.

పీసీఐ పరికరాలు, అంటే మదర్‌బోర్డుకి తగిలించే కార్డుల్లాంటివి, ఇంటరప్ట్ ఇవ్వడానికి పాత పద్ధతి ఒకటుంది. అందులో సిగ్నల్ లైన్లు తక్కువ కాబట్టి కొన్ని పరికరాలు ఒకే లైనును పంచుకోవాల్సి వస్తుంది. కొత్త పద్ధతి ఎంఎస్ఐ. ఇందులో పరికరం ఒక నిర్ణీత అడ్రస్‌కి చిన్న సందేశం రాస్తుంది, ప్రాసెసర్‌కి అదే ఇంటరప్ట్‌గా చేరుతుంది. బూట్ అయ్యే ముందు లోడర్ సెట్టింగుల్లో ఎంఎస్ఐని మొత్తంగా ఆపేసే ట్యూనబుల్ (మనం మార్చుకోగల సెట్టింగ్) ఉంది. దానికి సున్నా ఇచ్చి బూట్ చేశాను. ఫైల్ మొత్తం ఎక్కడా ఆగకుండా కాపీ అయింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ ట్యూనబుల్ లైనుని నాలుగు చోట్ల రాసేసి, ఇది పెట్టుకోండి సరిపోతుంది అంటారు. ఏళ్లు గడిచాక కూడా కొత్తవాళ్లు అది ఏం చేస్తుందో తెలియకుండా కాపీ కొట్టుకుంటూ ఉంటారు. ఒక్క కార్డు కోసం సిస్టమ్‌లోని పరికరాలన్నింటికీ ఎంఎస్ఐ ఆపేస్తే, దాని మీద ఆధారపడి పనిచేసే మిగతా పరికరాల సంగతేమిటి? తాత్కాలిక ఉపాయాన్ని పరిష్కారం అని పిలిచే అలవాటు ఓపెన్ సోర్స్‌కి చేసినంత చెడు ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం.

పాత కెర్నెల్‌లో బాగుండేది కదా, మరి మధ్యలో ఏం మారింది? దీనికి గిట్ బైసెక్ట్ ఉంది. బాగున్న చోటు ఒకటి, పాడైన చోటు ఒకటి చెబితే, మధ్యలో ఉన్న కమిట్‌ని (సోర్స్‌లో నమోదైన ఒక మార్పుని) తీసి చేతిలో పెడుతుంది. బిల్డ్ చేసి, పరీక్షించి, మంచిదో చెడ్డదో చెబితే సగం కమిట్లు పక్కకి పోతాయి. 1000 కమిట్లున్నా ఇంచుమించు 10 బిల్డ్‌లతో దోషి దొరుకుతుంది. ఫ్రీబీఎస్‌డీలో కెర్నెల్, దానితోపాటు వచ్చే బేసిక్ ప్రోగ్రాములు అన్నీ ఒకే సోర్స్ ట్రీలో ఉంటాయి. 2020 డిసెంబర్‌లో అది గిట్‌కి మారాక ఈ పని ఇంకా హాయిగా ఉంది. ప్రతిసారీ వరల్డ్ (కెర్నెల్ కాక మిగతా బేసిక్ ప్రోగ్రాములు) మొత్తం బిల్డ్ చేయక్కర్లేదు, ఇలాంటి డ్రైవర్ సమస్యకి కెర్నెల్ ఒక్కటి చాలు. పరీక్షించే కెర్నెల్‌ని వేరే పేరుతో పెట్టుకుని, నెక్స్ట్‌బూట్ కమాండ్‌తో ఆ ఒక్కసారికి దాన్ని బూట్ చేయమనండి. అది మధ్యలో పడిపోతే, తర్వాతి బూట్‌లో మంచి కెర్నెల్ తిరిగి వస్తుంది. ఈ ఏర్పాటు ముందే ఉంటే అర్ధరాత్రి టెన్షన్ ఉండదు.

బైసెక్ట్ చూపించిన కమిట్, ఆ రకం చిప్‌లన్నింటికీ ఎంఎస్ఐ వాడమని డ్రైవర్‌కి చెప్పే మార్పు. మార్పులో తప్పేమీ లేదు. అదే చిప్ కొత్త రివిజన్ ఉన్న ఇంకో మెషీన్‌లో అదే కెర్నెల్ నిక్షేపంగా నడిచింది. పీసీఐకాన్ఫ్ కమాండ్‌తో రెండింటి రివిజన్ నంబర్లు పోల్చాక విషయం తేలింది: పాత రివిజన్ చిప్ లోడ్ పెరిగితే ఎంఎస్ఐ సందేశాలు పంపడం మానేస్తోంది. చిప్ చేసిన కంపెనీ ఈ లోపాల పట్టికని బయట పెట్టి ఉంటే నాకు ఇంత తిరుగుడు ఉండేది కాదు. రహస్య ఒప్పందం మీద సంతకం పెడితేనే డాక్యుమెంట్లు ఇస్తామనే కంపెనీలకు ఓపెన్‌బీఎస్‌డీ (ఇంకో బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్లు ససేమిరా అంటూ వచ్చారు. కొందరికి అది మొండితనంలా కనిపిస్తుంది. నాకు మాత్రం వాళ్లదే న్యాయం. డాక్యుమెంట్ లేకుండా రాసిన డ్రైవర్‌ని, రాసినవాడు వెళ్లిపోయాక ఇంకెవరూ బాగుచేయలేరు.

ప్యాచ్ విషయానికొస్తే కొన్ని లైన్లే: ఈ రివిజన్ అయితే పాత పద్ధతి ఇంటరప్ట్ వాడు, లేకపోతే ఎంఎస్ఐ. రివ్యూలో మొదటి ప్రశ్న, దీనికంటే పాత రివిజన్లని పరీక్షించారా అని. నా దగ్గర ఉన్నది ఒక్కటే కాబట్టి షరతుని ఆ ఒక్కదానికే పరిమితం చేశాం. స్టైల్ గురించి కూడా చెప్పారు. ఫ్రీబీఎస్‌డీ కోడ్‌లో రిటర్న్ విలువకి బ్రాకెట్లు పెట్టాలి, ఇండెంట్‌కి ట్యాబ్ వాడాలి. ఇలాంటివి చెబితే కొత్తవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దు. 1993 నుంచి ఎంతోమంది చేతులు పడిన కోడ్ ఇంకా చదవడానికి వీలుగా ఉందంటే కారణం ఆ పట్టింపే. ప్యాచ్ ముందు కరెంట్‌లో చేరింది, కొన్నాళ్లు అక్కడ నలిగాక స్టేబుల్ బ్రాంచ్‌లోకి వచ్చింది.

ఈ ఒక్క సమస్య వల్ల పీసీఐ కాన్ఫిగరేషన్ ఎలా ఉంటుందో, డ్రైవర్ అటాచ్ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తుందో, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఏ లాక్ ఎందుకు పట్టుకోవాలో తెలిసింది. మీరు చెప్పిన సీ లాంగ్వేజ్ కూడా ఇంతే కావాలి: పాయింటర్లు, స్ట్రక్చర్లు, ఫంక్షన్ పాయింటర్లు తడబడకుండా చదవగలగాలి. మిగతాది డ్రైవర్ సోర్స్, మాన్ పేజీలే (సిస్టమ్‌తో వచ్చే మాన్యువల్) నేర్పిస్తాయి.

మీరూ కరెంట్ వాడండి. దాని కెర్నెల్‌లో విట్‌నెస్, ఇన్వేరియంట్స్ అనే తనిఖీలు ఆన్‌లో ఉంటాయి. లాక్‌ల (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాలు) వరుస తప్పితే అప్పటికప్పుడు చెప్పేస్తాయి. వాటివల్ల సిస్టమ్ నెమ్మదిగా ఉంటుంది. కరెంట్ మీద బెంచ్‌మార్కులు పెట్టి ఫ్రీబీఎస్‌డీ స్లో అని తేల్చేసేవాళ్లు, సోర్స్ ట్రీలోని అప్‌డేటింగ్ ఫైల్‌ని ఒక్కసారైనా తెరిచి చూడరు. ఈ మాట అందులో మొదట్లోనే రాసి ఉంటుంది.

ఈరోజే చేయాల్సిన పని ఒకటి. సిస్టమ్ సెట్టింగుల ఫైల్ ఆర్‌సీ కాన్ఫ్‌లో డంప్‌డెవ్‌ని ఆటో అని పెట్టండి. కెర్నెల్ ప్యానిక్ అయితే, అంటే కోలుకోలేక ఆగిపోతే, మెమరీ డంప్ డిస్క్‌లోని స్వాప్‌లోకి వెళుతుంది, తర్వాతి బూట్‌లో సేవ్‌కోర్ దాన్ని వార్ కింద క్రాష్ డైరెక్టరీలో పెడుతుంది. బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు కెర్నెల్ వెర్షన్, బూట్ మెసేజ్‌లు, ప్యానిక్ అయితే బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచి అక్కడికొచ్చిందో చెప్పే జాబితా), సమస్య మళ్లీ రప్పించే మార్గం తప్పకుండా ఇవ్వండి. మధ్యలో ఓపిక అయిపోయి మానేయాల్సి వస్తే, బైసెక్ట్ ఏ రెండు కమిట్ల మధ్య దాకా వచ్చిందో రాసి రిపోర్ట్‌ని తెరిచే ఉంచండి. అదే చిప్ ఉన్న ఇంకొకరు అక్కడినుంచి అందుకుంటారు.