సమ్మె చేశామని కాంట్రాక్టర్ నెల జీతం కోయవచ్చా?

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్. చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గరి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి) తీసే కాంట్రాక్టర్ కింద టిప్పర్ నడుపుతున్నాను. మొత్తం వంద మందికి పైగా పనిచేస్తున్నాము. రెండు నెలల జీతం ఇవ్వకపోవడంతో నలభై మందిమి ఈ జనవరిలో ఆరు రోజులు బండ్లు ఆపాము. దాంతో ఒక నెల జీతం కోసి, గేట్ పాస్‌లు లాక్కున్నారు. బయటి రాష్ట్రం వాళ్ళ కేసు ఇక్కడ చెల్లదంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కేసు చెల్లదన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. చేసిన పనికి జీతం అడగడానికి మీరు ఏ రాష్ట్రం వారన్న ప్రశ్నే రాదు. అయితే బొగ్గుగనుల విషయంలో అధికారం కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి, రాష్ట్ర లేబర్ ఆఫీసు చుట్టూ తిరగకుండా, కేంద్ర లేబర్ కమిషనర్ వ్యవస్థకు చెందిన అధికారి వద్దకే వెళ్ళండి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లో ఉన్నాయి. వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద మూడేళ్ళలోపు క్లెయిమ్ వేయవచ్చు. మీ తరఫున రిజిస్టరైన యూనియన్ కూడా వేయవచ్చు. జీతం ఇచ్చామని రుజువు చేయవలసింది కాంట్రాక్టరే. అతడు చెల్లించకపోతే, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఆ బాకీ గని యాజమాన్యం మీద పడుతుంది గనుక, అర్జీలో యాజమాన్యాన్ని కూడా ప్రతివాదిగా చేర్చడం మరవకండి.

ఇక కోత సంగతి. పని చేయని ఆరు రోజుల జీతం అడగలేరు. పది మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానితే, నియామక షరతుల్లో ఆ మేరకు రాసి ఉన్నప్పుడు మాత్రమే, అదనంగా ఎనిమిది రోజుల జీతం వరకు కోయవచ్చు. రెండు నెలలు జీతం ఎగవేయడం సరైన కారణమే అని గట్టిగా వాదించవచ్చు. నెల మొత్తం కోయడానికి మాత్రం ఏ విధంగానూ వీలు లేదు. మీ వైపు బలహీనత ఒకటుంది: 14 రోజుల ముందస్తు నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం, దానికి కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, నెల వరకు జైలు కూడా ఉండవచ్చు. అందువల్ల మళ్ళీ బండ్లు ఆపే ఆలోచన పెట్టుకోకండి.



గేట్ పాస్ లాక్కోవడం పనిలోంచి తీసేయడమే అయితే మిగిలిన జీతమంతా రెండు పనిదినాల్లో ఇవ్వాలి. తిరిగి పనిలోకి తీసుకోవాలన్న వివాదాన్ని కన్సిలియేషన్ అధికారి (ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే లేబర్ అధికారి) ముందు వేరుగా పెట్టండి. బ్యాంకు పాస్‌బుక్, వీటీసీ (గని పని శిక్షణ) సర్టిఫికెట్, ఫోన్‌లో ఉన్న హాజరీ ఫొటోలు, ట్రిప్ చీటీలు భద్రపరచుకోండి. రాజీ పేరుతో మరాఠీలో ఏ కాగితం తెచ్చినా, చదివించుకుని అర్థం చేసుకోకుండా సంతకం పెట్టవద్దు.