రాలిన గింజల చంద్రకాంతకు రంగెందుకు మారింది?

ప్రశ్న: పెరట్లో ఎరుపు, తెలుపు చంద్రకాంత మొక్కలు పక్కపక్కనే ఉండేవి. రాలిన గింజలతో మొలిచిన మొక్కలకు ఈసారి గులాబీ రంగు పూలు పూశాయి. ఒక మొక్కకు తెల్ల పూల మీద ఎర్ర చారలు కూడా ఉన్నాయి. ఇది నేల లోపమా, తెగులా? మళ్లీ ముదురు ఎరుపే కావాలంటే ఏం చేయాలి?

జవాబు: నేలలో లోపమేమీ లేదు. ఎరువు మార్చినా ఈ రంగు మారదు. మట్టి ఆమ్లగుణాన్ని బట్టి రంగు మారేది హైడ్రాంజియా లాంటి కొన్ని పూల మొక్కలకే.

చంద్రకాంత సాయంత్రం విచ్చుకుంటుంది. చీకటి పడ్డాక వచ్చే పెద్ద రెక్కల పురుగులు ఒక మొక్క పుప్పొడిని మరో మొక్కకు చేరుస్తాయి. ఎరుపు, తెలుపు కలిస్తే పుట్టే మొక్క గులాబీ రంగు పూలు పూస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఎరుపు తెలుపును పూర్తిగా అణచలేదు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ పరిశోధనల వల్ల ఈ మొక్క జన్యుశాస్త్ర పాఠాల్లోకి ఎక్కింది. గులాబీ మొక్క తన పుప్పొడితోనే గింజ కడితే పిల్ల మొక్కల్లో సుమారు పావు వంతు ఎరుపు, సగం గులాబీ, పావు వంతు తెలుపు వస్తాయి. పసుపు రకం కూడా దగ్గర్లో ఉంటే లెక్క ఇంత తేలిగ్గా ఉండదు.

చారలు కూడా సాధారణంగా తెగులు కాదు. రంగునిచ్చే జన్యువులో దూరి దాన్ని పనిచేయనివ్వని ఒక డీఎన్‌ఏ ముక్క కొన్ని కణాల్లో బయటికి జారిపోతుంది, అక్కడ మాత్రం రంగు తిరిగి వస్తుంది. అందుకే ఒకే కొమ్మ మీద ఏ రెండు పూల చారలూ ఒకేలా ఉండవు. అయితే చారలతో పాటు ఆకులు ముడుచుకుని, పసుపు పచ్చ మచ్చలు కట్టి, పూలు వంకర పోతుంటే వైరస్ అని అనుమానించి ఆ మొక్కను పీకేయండి.

పాత ఎర్ర మొక్క బతికే ఉంటే గింజల జోలికి పోనక్కర్లేదు. దాని దుంప వేరు నుంచి వచ్చే చిగురు అదే రంగు పూస్తుంది. కాండం ఎండాక జాగ్రత్తగా తవ్వి, నీడలో పొడి ఇసుకలో దాచి, తిరిగి నాటండి.

గింజలే కావాలంటే, మధ్యాహ్నం మొగ్గ విచ్చకముందే ఎర్ర మొక్క కొమ్మకు పలచని గుడ్డ సంచి తొడిగి మూతి కట్టండి. పువ్వు ముడుచుకునేటప్పుడు కేసరాలు (పుప్పొడి ఉండే కాడలు), కీలం (పుప్పొడిని అందుకునే కాడ) కలిసి లోపలికి చుట్టుకుంటాయి, పుప్పొడి అక్కడే అంటుకుంటుంది. కాబట్టి చేత్తో రుద్దే పని లేదు. మర్నాడు సంచి తీసి, ఆ పూల కాడలకు రంగు దారం కట్టండి. చాలామంది దారం కట్టడం మరచిపోతారు, తర్వాత ఏ గింజ ఏదో తెలియదు. పువ్వుకు ఒక్కటే గింజ. నల్లబడి తాకగానే ఊడివచ్చేటప్పుడు కోయండి.

ఎర్ర మొక్క అసలే మిగలకపోతే గులాబీ మొక్క గింజలనే ఇలా కట్టించి, కనీసం 12 మొక్కలు పెంచండి. వాటిలో ఎరుపు దొరక్కపోవడం అరుదు. తొలి పువ్వు పూయగానే మిగతా రంగులను ఏరి దూరంగా మార్చండి. ఎరుపు దగ్గర తెలుపు ఒక్కటి మిగిలినా, రాలే గింజల్లో మళ్లీ గులాబీ రంగు రావచ్చు.

గింజలు మిరియాల్లా ఉంటాయి, విషపూరితం. వేరు కూడా అంతే. ఎండబెట్టేటప్పుడు పిల్లలకు అందకుండా ఉంచండి.