గూడ్సు లైను గీయబోతున్న మా అమ్మాయికి

బొబ్బిలి

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఛత్తీస్‌గఢ్ నుంచి ఒడిశా కొండల మీదుగా మన తీరం దాకా గూడ్సు బళ్ళ కోసమే ఒక లైను వేస్తే ఎలా ఉంటుందో చూసే బృందంలో నిన్ను వేశారని విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. 34 ఏళ్ళు రైల్వే సర్వే పనిలో గొలుసూ లెవెలూ పట్టుకుని గెడ్డల (కొండవాగుల) వెంట తిరిగినవాణ్ణి. మన ఇంట్లో ఆ పని మళ్ళీ నీ చేతికి వచ్చింది. ఫోనులో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

కంప్యూటర్లో మూడు గీతలు గీసి పంపి, ఏది బాగుందో చెప్పమన్నావు. మూడూ చూశాను. గీత గురించి అడిగావు గాని, దాని మీద నడిచే లోడు గురించి ఒక్క మాటైనా అడగలేదు. ముందు అది చూడు. ఏ సరుకు, ఎవరి దగ్గర నుంచి, ఎవరి దగ్గరికి, ఏడాదికి ఎంత, ఎన్నేళ్ళపాటు? ఇవి తెలిస్తే గీత సగం దానంతట అదే పడుతుంది.

మన ఇంటి వెనక నుంచి పోయే లైనునే తీసుకో. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే వచ్చేసింది. అక్కడి నుంచి కొండలు దాటి రాయపూర్‌తో కలవడానికి మాత్రం 1931 దాకా పట్టింది. ఆ తర్వాత రెండేళ్ళకే, 1933లో, విశాఖ రేవు తెరిచారు. అప్పటి సెంట్రల్ ప్రావిన్సుల మాంగనీసు సముద్రానికి చేరాలంటే దగ్గర దారి కావాలి. లైను లేని రేవూ, రేవు లేని లైనూ రెండూ వట్టివేనని వాళ్ళకు తెలుసు. కొత్తవలస–కిరండూల్ లైను కూడా అంతే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం అమ్మడానికి 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. 440 కిలోమీటర్లకు పైన ఉన్న దారి, 58 సొరంగాలు, అనంతగిరి కొండల మీద శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అంత కష్టానికి ఎందుకు తెగించారు? సరుకు ఎవరికి పోతుందో ముందే తెలుసు కనక.

ఇప్పుడు సాలూరు సంగతి. బొబ్బిలి నుంచి సాలూరుకు బ్రాంచి లైను వందేళ్ళకు పైగా ఉంది. 20 కిలోమీటర్లు కూడా లేదు. రైలు అంత దగ్గరలో ఉన్నా సాలూరుకు పేరొచ్చింది మాత్రం లారీలతో. ఎందుకో ఆలోచించు. రైలు కొండ కిందే ఆగిపోయింది. సరుకు కొండ దాటి కోరాపుట్ వైపు, రాయపూర్ వైపు పోవాలి. లారీ వాడు గోదాము గుమ్మం దగ్గర ఎత్తుకుని, అవతల గుమ్మం దగ్గర దించుతాడు. రైలుకైతే ఇక్కడ ఒకసారి ఎక్కించి, స్టేషన్లో దించి, మళ్ళీ లారీకి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ హమాలీ కూలి, ప్రతిసారీ ఒక పూట ఆలస్యం, నాలుగు బస్తాల చిరుగు.

అందుకని నీ సర్వేలో మొదటి వారం కొండల్లోకి వెళ్ళకు. సాలూరు వెళ్ళి లారీ ఓనర్ల దగ్గర కూర్చో. వెళ్ళేటప్పుడు ఏం వేస్తారు, వచ్చేటప్పుడు ఏం దొరుకుతుంది, ఖాళీగా ఎన్ని రోజులు ఆగుతారు, ఏ నెలలో బళ్ళు దొరకవు అని అడుగు. తిరుగు లోడు లేని దారిలో లారీ వాడు రెట్టింపు కిరాయి అడుగుతాడు. రైలుకూ అదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే అది కాగితాల మధ్య కనిపించదు. ఖనిజం దించిన రేకు (వ్యాగన్ల వరుస మొత్తం) ఖాళీగా వెనక్కి పోతుంటే ఆ ఖర్చు కూడా ఖనిజం మీదే పడుతుంది. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయిస్ (ఉక్కులో కలిపే మిశ్రలోహాల) ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటికి ఏ సరుకు ఎటు నుంచి వస్తోందో కనుక్కో. ఒక మాట గుర్తుంచుకో, అన్ని సరుకులూ రైలుకు రావు. పలాస జీడిపప్పు డబ్బాలు లారీలోనే పోతాయి, వాటిని నీ లెక్కలో కలిపి అంకె పెంచకు. బొగ్గు, ఖనిజం, సిమెంటు, ఎరువు, ఉప్పు, బియ్యం లాంటివే రేకు నిండా పడే సరుకులు.

ఆస్ట్రేలియా వాళ్ళ ఇన్‌లాండ్ రైల్ గురించి నువ్వే ఆ మధ్య చెప్పావు. మెల్‌బోర్న్ నుంచి బ్రిస్బేన్ దాకా, మూడు రాష్ట్రాల లోపలి నుంచి దాదాపు 1,600 కిలోమీటర్ల గూడ్సు దారి. ఒకదాని మీద ఒకటి పేర్చిన డబుల్ స్టాక్ కంటెయినర్లు, 24 గంటల్లో చేరవేస్తామన్న మాట. ఎంత మంచి ఆలోచన! కానీ 2023లో దాని మీద వేసిన సమీక్ష ఏం తేల్చింది? లైను ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తేలకుండానే పని మొదలుపెట్టారని. 2020లో 1,640 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల లోపు అనుకున్నది 3,100 కోట్లు దాటేలా ఉందని. చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. మధ్యలో వందల కిలోమీటర్లు చక్కగా వేసినా, రెండు కొసల దగ్గర యార్డుకు చోటు లేకపోతే బండి ఎక్కడ ఆగుతుంది?

కొసల మాట వచ్చింది కాబట్టి మన శ్రీకాకుళం జిల్లా నౌపడా స్టేషను సంగతి చెబుతాను. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను 1900లో మొదలైంది, 1931కి గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల గేజి. నౌపడాలో పెద్ద లైను అయిదున్నర అడుగుల గేజి. అంటే గుణుపురం నుంచి వచ్చిన ప్రతి బస్తా నౌపడాలో దిగి మళ్ళీ ఎక్కాలి. పెద్ద గేజిగా మారి బళ్ళు తిరిగేసరికి 2011 వచ్చింది. ఆస్ట్రేలియాలోనూ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో గేజి, ఆల్బరీలో జనం నడిరాత్రి బండి మారేవారు, 1962లో గాని మెల్‌బోర్న్ దాకా ఒకే గేజి పడలేదు. ఈ రోజుల్లో మనకు గేజి గొడవ లేదు. దాని బదులు వేరేవి ఉన్నాయి. పాత లైనులో లూపులు (బండిని పక్కకు తప్పించి ఆపే లైన్లు) 700 మీటర్లకు అటూఇటూ ఉంటాయి, కొత్త గూడ్సు కారిడార్లలో 1,500 మీటర్లు. నీ లైను మీద పొడుగు బండి నడిపి, పాత లైనులో కలిసే చోట దాన్ని రెండు ముక్కలు చేయాల్సి వస్తే అది మరో నౌపడా అవుతుంది. యాక్సిల్ లోడు, అంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువు, కూడా అలాగే చూడు. కొత్త కారిడార్లో 25 టన్నులు వేసుకుని వచ్చిన వ్యాగను, రేవు దగ్గరి ఆఖరి పది కిలోమీటర్ల పాత వంతెన మోయగలదా?

ఎత్తు సంగతి నీకు చదువులో చెప్పే ఉంటారు, అయినా ఒక లెక్క వేస్తాను. 4,000 టన్నుల బండి 60కి 1 వాలు (60 మీటర్లకు ఒక మీటరు ఎత్తు) ఎక్కాలంటే, కేవలం వెనక్కి జారకుండా ఉండడానికే దాదాపు 67 టన్నుల లాగుడు కావాలి. 200కి 1 వాలు అయితే 20 టన్నులు చాలు. గూడ్సు కారిడార్లకు 200కి 1 ఎందుకు పెట్టుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. నీ మూడు గీతల్లో పొట్టి గీత కొండ ఘాటు మీద నిటారుగా ఎక్కుతోంది. మిగతా దారంతా పల్లమైనా ఆ పన్నెండు కిలోమీటర్ల కోసం ప్రతి బండికీ వెనక ఇంకో ఇంజను తగిలించాలి. దాన్ని పక్కన పెట్టెయ్. పొడుగు గీత 30 కిలోమీటర్లు ఎక్కువైనా దాన్నే ముందు చూడు. కాకపోతే లోడు ఎటు ఎక్కుతోంది, ఎటు దిగుతోంది అన్నది విడివిడిగా లెక్కపెట్టు. ఖాళీ బండి ఎక్కే వాలు, నిండు బండి ఎక్కే వాలు ఒకటి కావు.

ఇక నీళ్ళు. ఇది కొంచెం ఓపిగ్గా చదువు.

1980ల్లో వంశధార దిగువన ఒక ఫ్యాక్టరీ సైడింగుకు (ఫ్యాక్టరీలోకి పోయే పక్క లైనుకు) సర్వే చేశాను. ఫిబ్రవరి నెల. దారిలో ఒక గెడ్డ, అడుగున ఇసుక తప్ప చుక్క నీరు లేదు. పశువుల్ని మేపుకుంటున్న ముసలాయన ఒకడు వచ్చి, అక్కడి తాటిచెట్టు మొదలుకు నా భుజం ఎత్తున చెయ్యి పెట్టి, "బాబూ, నీరు ఇక్కడి దాకా వత్తాది" అన్నాడు. నా దగ్గర ఆఫీసు కాగితం ఉంది, అందులో అంతకంటే చాలా తక్కువ మట్టం రాసి ఉంది. కాగితాన్నే నమ్మాను. రెండు తూములు చాలన్నాను. రైలు కట్ట పడింది. రెండో ఏడాది అక్టోబరులో తుఫాను వాన కురిసింది. కట్టకు ఎగువన నీరు నిలబడిపోయి, పొట్ట మీదున్న వరి నాలుగు రోజులు మునిగిపోయింది. తర్వాత తూములు పెంచారు గాని, ఆ ఏడు పంట మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తప్పు పూర్తిగా నాది. ఆ ముసలాయన ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

2017 జూలైలో రాయగడ దగ్గర తెరువలి వైపు ఒక్క రోజు వరదకు రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018లో తిత్లీ తుఫాను మన శ్రీకాకుళాన్ని ఏం చేసిందో నీ కళ్ళతో చూశావు. నాగావళి, వంశధార, సువర్ణముఖి అన్నీ ఆ తూర్పు కనుమల కొండల్లోనే పుడతాయి. అక్కడ వాన పడితే ఇక్కడ కొన్ని గంటల్లోనే గెడ్డలు పొంగుతాయి. అందుకే ప్రతి గెడ్డ దగ్గరా ఊరివాళ్ళని అడుగు. ఒక్కరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా. వాళ్ళు చూపించిన చోట లెవెలు తీసి రాసుకో. ఆస్ట్రేలియాలో కండమైన్ నది వరద మైదానంలో రైతులు పోరాడింది కూడా దీనికోసమే, కట్ట వేస్తే మా పొలాల మీదికి నీరు మళ్ళుతుందని. రైతు ఆ మాట అంటే లైనుకు అడ్డం పడుతున్నాడని అనుకోకు. నీకు ఉచితంగా సర్వే చేసి పెడుతున్నాడు.

సరిహద్దుల గురించి ఎక్కువ రాయను, అది నీ పై అధికారులు చూసుకుంటారు. ఒకటి మాత్రం నువ్వు చూడాలి. సాలూరు పైన కొటియా గ్రామాల్ని ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావంటున్నాయి. ఒక రాష్ట్రం మ్యాపు మాత్రమే పట్టుకుని అక్కడ రాయి పాతావంటే పని ఏళ్ళ తరబడి ఆగుతుంది. కొండ మీద చాలా ఊళ్ళు గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో పెట్టిన అయిదో షెడ్యూలు కిందకు వస్తాయి, గ్రామసభను అడగకుండా అడుగు వేయకు. పట్టా లేదు కదా అని పోడు భూమిని ఖాళీ నేల అని రాయకు. దాని మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో పేరు పేరునా రాసుకో. ఒడియా వచ్చిన మనిషి ఒకరూ, కొండ మీది గిరిజనుల కువి భాష మాట్లాడే మనిషి ఒకరూ నీ వెంట ఉండాలి.

ఎండలో తిరిగేటప్పుడు గంజి తాగు, ఒట్టి కూల్ డ్రింకులతో సరిపెట్టుకోకు. మీ పెద్దమ్మ చెప్పమంది.

మే నెలాఖరున ఒకసారి రా. ఇద్దరం సాలూరు వెళ్దాం. అక్కడ లారీల పనిలోనే తల నెరిసినవాళ్ళు నలుగురు నాకు తెలుసు, నీ ప్రశ్నలకి వాళ్ళు విసుక్కోరు. సెప్టెంబరులో మళ్ళీ రా, గెడ్డలు నిండి ఉన్నప్పుడు. ఆ పొడుగు గీత దాటే గెడ్డలు మొత్తం ఎన్నో లెక్కపెట్టి, మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి తీసుకురా. నా మోకాళ్ళు సహకరించినంత దూరం నీతో నడుస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న