ఆధునికత వస్తే మతం పోతుందా? కోనసీమలో నేను చూసింది

సైన్సు, టెక్నాలజీ ఇంత పెరిగాక మతం మెల్లగా కనుమరుగవుతుందా, మీ ఊళ్లో ఏం చూశారు అని అడిగారు. మాది కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు. నేను చూసినంతలో మతం ఎక్కడికీ పోలేదు. పైగా కొన్ని ఆచారాలు నిలబడిందే ఆధునికత వల్ల.

పోలి పాడ్యమినే తీసుకోండి. కార్తీక అమావాస్య మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్లు రేవులోకి దిగి అరటి డొప్పల్లో దీపాలు వదులుతారు. గుర్రపుడెక్క అడ్డుపడితే మా అమ్మ ఒక చేత్తో దాన్ని పక్కకి నెట్టి, రెండో చెయ్యి దీపానికి అడ్డం పెట్టి, డొప్ప పారే నీళ్లలోకి వెళ్లేదాకా కదలదు. ఈ పండగ ఎంత పాతదైనా, మా రేవులో నీళ్లు మాత్రం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమే. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బ్యారేజీ నుంచి ఇరిగేషన్ వాళ్లు వదిలితేనే కాలువకి నీళ్లు. వేసవిలో కట్టేస్తే రేవంతా బురదే. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ నిష్ఠగల క్రైస్తవుడు. అయినా ఆయన్ని భగీరథుడిగా, నిత్యం గోదావరి స్నానపుణ్యం దక్కించిన మహానుభావుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి ఇక్కడ ప్రచారంలో ఉంది.

ఫోన్లూ, ఆన్‌లైన్ దర్శనం టికెట్లూ కూడా అంతే. మతం వాటిని ఇట్టే కలుపుకుపోతుంది. అసలు చిక్కంతా మనుషుల దగ్గరే వస్తుంది.

వితంతు వివాహాలకు చట్టం 1856లోనే వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది మాత్రం 1881 డిసెంబరు 11న. చట్టం వచ్చాక కూడా పాతికేళ్లు! ఆయన దేవుణ్ణి, శాస్త్రాన్ని పక్కనపెట్టి వాదించలేదు. స్మృతుల్లోంచే ఆధారాలు తీసి పండితుల ముందు పెట్టారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. అయినా వెలి తప్పలేదు. అందుకే మతమూ ఆధునికతా ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటాయని ఎవరైనా అంటే నాకు పంతులుగారు గుర్తొస్తారు. ఆయన పోరు మతం లోపల జరిగింది.

అదే పోరు మా ఇంట్లోనూ చూశాను. మా మేనత్త చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుంది. చెల్లి పెళ్లయిన మర్నాడు సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకూ కోడలూ వీడియో కాల్‌లో కూర్చున్నారు. "గోత్రం మళ్లీ చెప్పండి బాబూ, మాట తెగిపోతోంది" అని వ్రతం చేయిస్తున్న పంతులుగారు ఫోన్‌లోకి వంగి అడుగుతుంటే అందరికీ మామూలుగానే ఉంది. తీరా తాంబూలాల వేళ అయ్యేసరికి అత్తయ్య ఎవరూ చెప్పకుండానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి అలవాటు మరి. అమ్మ వెంటనే లేచి, "వదినా, ఇలా రండి. ముందు మీకే" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బొట్టు పెట్టి తాంబూలం చేతిలో పెట్టింది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు గొణిగారు. పంతులుగారు ఒక్క క్షణం ఆగి, "మీరూ దీవించండమ్మా" అని అక్షింతల పళ్లెం ఆవిడ వైపు జరిపారు. అంతమంది దేవుడి పేరు చెప్పి ఆవిడని దూరం పెట్టిన చోటే, దేవుడి ముందే, అమ్మా పంతులుగారూ ఆ అన్యాయం సరిదిద్దారు. నాకు ఆ వేళ అమ్మ మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు మా ఇంట్లో శుభకార్యం ఏదైనా అత్తయ్యే ముందుండి నడిపిస్తుంది. ఒకరిద్దరు బంధువులు పేరంటానికి రావడం మానేశారు. "వాళ్లిష్టం" అంటుంది అమ్మ.

కులం దగ్గర మా ఊళ్లో ఈ మాత్రం మార్పు కూడా రాలేదు. చదువులూ, గల్ఫ్ డబ్బులూ, డాబాలూ వచ్చాయి గానీ, గుడికి వెళ్లేవాళ్లకైనా చర్చికి వెళ్లేవాళ్లకైనా శ్మశానాలు ఇంకా కులాన్ని బట్టే వేరుగా ఉన్నాయి. దళితుల పేటలో ఉన్న నా స్నేహితులూ నేనూ కలిసి ఈ సంగతి గ్రామసభలో పెట్టాలనుకుంటున్నాం. దానికి ముందు పంతులుగారితోనూ, పాస్టరుగారితోనూ మాట్లాడి ఇద్దరినీ మాతోపాటు రమ్మని అడగబోతున్నాం.